కుక్క పొట్టదాకా మంచు

లాస్ ఇగేరాస్,
30 ఆగస్టు 1968

తమ్ముడు రుదెసిందోకి,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. గని లారీ వచ్చిన ప్రతిసారీ నేను రోడ్డు మీదికి పరుగెత్తడం, బల్దొమేరో స్టీరింగు వదలకుండానే చెయ్యి అడ్డంగా ఊపడం, నేను తిరిగి ఇంట్లోకి రావడం, ఇదే పనైపోయింది. నిన్న మళ్ళీ అడిగితే, "మీ తమ్ముడి సిరా గడ్డకట్టిందేమో పెద్దమ్మా, కాస్త ఎండ రానివ్వండి" అన్నాడు. పైగా నవ్వొకటి.

ఇక్కడ అందరం అలసిపోయి ఉన్నాం. చలికాలం ఇంకా పోలేదు, అప్పుడే కొండల మీంచి వేడి జోండా గాలి మూడు రోజులు కొట్టింది. ఇల్లంతా దుమ్ము. రొట్టెలో ఇసుక, పక్కలో ఇసుక. పీచు చెట్లు ఏమనుకున్నాయో ఏమో, తొందరపడి పూత వేశాయి. ఒక్క రాత్రి మంచు కురిస్తే అంతా మాడిపోతుంది. వాటికీ బుద్ధి లేదు, నాకూ ఓపిక లేదు.

అసలు సంగతికి వస్తాను. సెప్టెంబరులో నువ్వు ఆఖరిసారి కొండెక్కి మంచు కొలుస్తావు, అది కరిగితేనే మా కాలవకి నీళ్ళు. నీళ్ళ ఆఫీసువాళ్ళు ఆ లెక్కలు తిరగేసి, మాకు ఎన్ని రోజులకొకసారి వంతు వస్తుందో చెప్పేసరికి నవంబరు సగం గడిచిపోతుంది. టమాటా నారు అప్పటిదాకా ఆగదు కదా. అందుకని ఎప్పటిలాగే ముందు నువ్వు చెప్పాలి. అంకెలు రాయకు. బయటికి పొక్కితే నీ ఉద్యోగం పోతుందని తెలుసు, ఈ దారిలో ఉత్తరాలు ఎవరెవరు విప్పి చదువుతారో కూడా తెలుసు. కుక్క సంగతి రాయి చాలు. అక్క కుక్క క్షేమం అడిగింది, తమ్ముడు చెప్పాడు, ఇందులో ఎవరికేం నొప్పి? నీకు మతిమరుపు ఎక్కువైంది కనుక మళ్ళీ గుర్తు చేస్తున్నాను. మూడో గుర్తు కర్ర దగ్గర బార్సీనోకి పాదాలే తడిస్తే కరువు. పొట్ట తడిస్తే ఏడాది గడిచిపోతుంది. వీపు కూడా తడిస్తే మేం కాలవ గట్లు చూసుకోవాలి.

ఈ ఏడు ఆ మాట నాకు మరీ అవసరం. నా బిడ్డ ఇలారియో నాటి వెళ్ళిన ఇరవై అక్రోటు మొక్కలు ఈ వేసవి కూడా గట్టెక్కితే వేళ్ళు లోపలికి దిగుతాయి, ఇక చావవు. నీళ్ళు తక్కువని నువ్వంటే టమాటా మానేసి, వచ్చిన వంతంతా మొక్కలకే పెట్టి, ఈ ఏడు బట్టలు కుట్టుకుని బతుకుతాను. ఉన్నాయంటే నాలుగు మడులూ వేస్తాను. తెలియక రెండూ పెట్టుకుంటే రెండూ ఎండుతాయి.

బార్సీనో ఎలా ఉన్నాడు? ఎడమ ముందుకాలు ఇంకా ఈడుస్తున్నాడా? ఇలారియో జ్వరంతో పోయాక, వాడి గది గుమ్మంలో పడుకుని ఆ కుక్క తిండి మానేస్తే చూడలేక నీ దగ్గరికి పంపాను. పంపిన రోజు కొడుకు రెండోసారి పోయినట్టయింది. రెండేళ్ళయినా ఆ గుమ్మం దాటేటప్పుడు కాలు ఎత్తి వేస్తున్నాను, వాడిని తొక్కుతానేమోనని. ఇలారియో ఉన్ని బనీను ఒకటి పంపుతున్నాను. బార్సీనో కింద పరుచు. వాసన గుర్తుపట్టాడో లేదో రాయి.

ఎదురుచూసే ఓపిక తక్కువైన నీ అక్క,
ఎదెల్మీరా


ఎల్ పోర్తీయో,
19 సెప్టెంబరు 1968

అక్కా,

నిన్న సాయంత్రం దిగాను. బూట్లు ఇంకా విప్పలేదు. విప్పితే మళ్ళీ పాదాలు అందులో దూరవని భయం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎక్కుతున్న కొండే. ఈ ఏడు ఎవరో రాత్రికి రాత్రి ఇంకో కొండ తెచ్చి దాని మీద పెట్టినట్టుంది.

ఈ నెలలో మంచు సంగతి నీకు తెలియంది కాదు. పొద్దున్నే పైన పెంకు కట్టి మనిషిని మోస్తుంది. ఎండ ఎక్కితే మోయదు. వాగుల్లో పేరుకున్న చోట ఒక్కో అడుగూ తొడదాకా దిగబడుతుంది, పీక్కుని ఇంకో అడుగు వేసేలోపు ప్రాణం నోట్లోకి వస్తుంది. అందుకే తెలతెలవారుతుండగా బయలుదేరాను. కళ్ళకింద మసి పూసుకున్నాను, ఎండ మంచు మీద పడి కళ్ళు పోకుండా. మూటలో ఎండు మాంసం, రొట్టె, టీలా కాచుకోవడానికి మాతే ఆకు. భుజాన మంచు తూచే గొట్టం, తక్కెడ. ముందు కుక్క.

కుక్క సంతోషంగానే ఉంది. మొదటి కర్ర దగ్గర కొండచిరుత జాడ కనిపించింది. నాకు చెమట పట్టింది, దానికి మాత్రం పండగ. ముక్కు ఆ జాడలో పెట్టి ఎటో పోబోతే కేకలేసి వెనక్కి పిలిచాను. గొట్టం మంచులోకి దింపి, పైకి లాగి, తక్కెడకు తగిలించినప్పుడల్లా ఆ తక్కెడని చూసి మొరగడమే. అయిదు కర్రల దగ్గరా మొరిగింది. కొండంతా అదే అరుపు తిరిగి వినిపిస్తుంటే, అక్కడ ఇంకో కుక్క ఉందనుకుని మళ్ళీ మొరిగింది.

దిగేటప్పుడు నాలుగో కర్ర దాటాక కూర్చున్నాను. ఒక్క నిమిషం అనుకున్నాను. లేవాలనిపించలేదు. ఎండ వెచ్చగా ఉంది, గాలి లేదు, ఇక్కడే ఉండిపోతే ఎవరికేం నష్టం అనిపించింది. కుక్క వచ్చి నా పాదాల మీద కూర్చుంది. కాసేపటికి పాదాలకు తిమ్మిరెక్కి, ఆ చిరాకుతో లేచాను. అలా ఇల్లు చేరాను.

నువ్వడిగిన మాట. మూడో కర్ర దగ్గర కుక్క పొట్ట తడిసింది.

బనీను అందింది. పరిచాను. ఇప్పుడు దాని మీదే నిద్ర.

నడుము వంగని నీ తమ్ముడు,
రుదెసిందో


లాస్ ఇగేరాస్,
29 సెప్టెంబరు 1968

ఒరేయ్ తమ్ముడూ,

నూరేళ్ళు బతుకు. ఉత్తరం చదివి అలాగే గుమ్మంలో కూర్చుండిపోయాను. ఎన్ని రోజుల తర్వాతో ఒళ్ళు తేలికపడింది. నాలుగు మడులూ వేస్తున్నాను. మొక్కలకీ నీళ్ళు, నాకూ టమాటా.

ఒక్క తప్పు చేశాను, కోప్పడకు. ప్రిమితీవాకి చెప్పాను. భర్త పోయి, ముగ్గురు పిల్లలతో పక్క పొలంలో ఒక్కతే గింజుకుంటోంది. నిన్న గట్టు మీద నిలబడి, "ఎదెల్మీరా, వేయనా మాననా? నువ్వేం చేస్తే అదే చేస్తాను" అంది. నోరు ఆగలేదు. "వెయ్యి" అన్నాను. ఎవరు చెప్పారని అడగలేదు, నేనూ చెప్పలేదు.

నీ ఉత్తరం మళ్ళీ చదివితే రెండు అనుమానాలు వచ్చాయి. మొదటిది, ఉత్తరం నిండా 'కుక్క' అని, 'అది' అని రాశావు. వాడికి పేరు లేదా? ఇన్నేళ్ళూ మనిషిలా 'వాడు' అనేవాడివి, ఇప్పుడేమైంది? తిట్టుకున్నారా ఇద్దరూ? రెండేళ్ళుగా చూస్తున్న తక్కెడని చూసి మొరిగాడంటే, పాపం చూపు తగ్గినట్టుంది. ముసలివాడయ్యాడు. కసురుకోకు.

రెండోది పెద్దది. బల్దొమేరో ఏం చెప్పాడో తెలుసా? "మీ తమ్ముడి గురించి బెంగ వద్దు పెద్దమ్మా, ఆయన ఒంటరివాడేం కాదు. నేను తలుపు తట్టబోతుంటే లోపల 'పొట్టీ, రావే, చలికి చస్తావు, ఇలా పక్కకి చేరు' అంటున్నాడు" అన్నాడు. ఎవరయ్యా ఈ పొట్టి? యాభై ఆరేళ్ళు వచ్చాక! నడుము వంగదని రాస్తావు, ఇదా సంగతి?

నవ్వి నవ్వి డొక్కలు నొప్పెట్టిన నీ అక్క,
ఎదెల్మీరా


ఎల్ పోర్తీయో,
8 అక్టోబరు 1968

అక్కా,

నాలుగు మడులూ వేయకు. రెండు చాలు. ప్రిమితీవాకి కూడా అదే చెప్పు. ఎందుకని అడగకు. మంచు నమ్మదగ్గది కాదు, జోండా ఇంకో నాలుగు రోజులు కొడితే సగం గాలికే పోతుంది. నాకు మనసు ఒప్పడం లేదు.

పొట్టి గురించి బల్దొమేరో మాటలు పట్టించుకోకు. పై గని చలికాలానికి మూసినప్పుడు అక్కడివాళ్ళు ఇక్కడే వదిలేసి పోయారు. దిక్కులేక నా వెంట వచ్చింది. చలిలో తలుపు వెయ్యలేకపోయాను. తిండి తక్కువే. గురక పెడుతుంది. అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

ఎడమకాలి సంగతి అడిగావు. ఇప్పుడు ఆ కాలు బాధ లేదు.

నిద్ర సరిగా పట్టడం లేదు. పొయ్యి దగ్గర కూర్చుని నీకు రాద్దామని మొదలుపెడతాను, రెండు వాక్యాలు రాసి చించేస్తాను. ఇది అయిదో కాగితం. దీన్నయినా పంపాలి కనుక ఇక్కడితో ఆపుతున్నాను.

రెండు మడులే.

రుదెసిందో


లాస్ ఇగేరాస్,
20 అక్టోబరు 1968

పిరికి తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చేసరికి నారు మడుల్లో పడిపోయింది. నాలుగూ. ప్రిమితీవా మూడు వేసింది, పిల్లలతో సహా వంగి నాటారు. చిన్నది చాళ్ళలో నిద్రపోయింది, దాని చుట్టూ వదిలేసి నాటాం. నడుములు విరిగాయి గానీ మనసు బాగుంది.

నీ గొడవేంటో నాకు అర్థమైంది. కొండ మీద ఒక్కడివే ఉండి ఉండి నీడని చూసి ఉలిక్కిపడే స్థితికి వచ్చావు. పొట్ట తడిసిందని నువ్వే రాశావు. నీ కళ్ళతో నువ్వు చూసిందాని మీద నీకే నమ్మకం లేకపోతే ఎలా? నీ మొదటి మాట మీదే నాకు నమ్మకం, ఆ తర్వాత నిద్రలేక రాసిన మాట మీద కాదు.

పొట్టి గురించి ఎందుకంత నసుగుడు? దిక్కులేని మనిషికి తలుపు తీశావు, అది తప్పా? గురక పెడితే పెట్టనీ, మన నాన్న గురకకి కోళ్ళు లేచేవి. నాకు ఒకటే కోపం. "తిండి తక్కువే" అని రాశావు చూడు, ఇంటికొచ్చిన ఆడమనిషి గురించి రాయాల్సిన మాటేనా అది? కడుపునిండా పెట్టు. ఆమెకి ఒక శాలువా అల్లాను, ఎర్రది. పొట్టిదన్నారు కనుక నిడివి తగ్గించాను. మర్యాదగా చేతికివ్వు, విసిరెయ్యకు.

బార్సీనో కాలు నెమ్మదించిందని చదివి ప్రాణం కుదుటపడింది. ఆ మాట రాసినందుకు నీ మిగతా ఉత్తరాన్ని క్షమించాను.

మరదలిని చూడాలనుకుంటున్న,
ఎదెల్మీరా


లాస్ ఇగేరాస్,
17 నవంబరు 1968

రుదెసిందో,

ఆఫీసు కాగితం వచ్చింది. నీళ్ళ వంతు ఎప్పటిలా ఎనిమిది రోజులకు కాదట. పద్దెనిమిది రోజులకొకసారి. కాలవ లస్కరు తూము దగ్గర కాగితం అంటించి, మాకు మొహం చూపించలేక గుర్రం ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇది దొంగతనం. పొట్టదాకా మంచున్న ఏడాది పద్దెనిమిది రోజుల వంతు ఏంటి? కింద పెద్ద ద్రాక్షతోటల వాళ్ళకి మళ్ళించి ఉంటారు. వచ్చే ఆదివారం, ఇరవై నాలుగున, నీటి సంఘం మీటింగు. ఆఫీసాయన స్వయంగా వస్తున్నాడు. నేను లేచి నిలబడి ఆ కాగితం అబద్ధమని మొహం మీదే చెబుతాను. నీ పేరు రానివ్వను, భయపడకు.

ఆకులు ముడుచుకుంటున్నాయి. మధ్యాహ్నం పూట మడి వైపు చూడడం మానేశాను.

ఎదెల్మీరా


ఎల్ పోర్తీయో,
21 నవంబరు 1968

అక్కా,

మీటింగులో మాట్లాడకు. ఆఫీసు కాగితం నిజం. అబద్ధం నాది.

బార్సీనో లేడు. ఆగస్టు పద్నాలుగున పోయాడు. మూడో కర్రకీ నాలుగో కర్రకీ మధ్య దారిలో కూర్చున్నాడు. పిలిస్తే తోక ఆడించాడు గానీ లేవలేదు. మాతే కాచుకుని తాగాను, అలసట తీరాక లేస్తాడులే అనుకున్నాను. రొట్టె ఇస్తే నోట్లో పెట్టుకుని, మళ్ళీ మంచు మీద మెల్లగా కింద పెట్టేశాడు. అప్పుడు తెలిసింది. గొట్టం, తక్కెడ ఒక భుజాన, వాడిని ఇంకో భుజాన వేసుకుని దిగడం మొదలుపెట్టాను. మూడో కర్ర దాటాక బరువు మారింది. బతికున్న బరువు వేరు, పోయిన బరువు వేరు. ముప్పై ఒక్క ఏళ్ళుగా తూస్తున్నవాడిని, నాకు తెలియదా?

నేల గడ్డకట్టి ఉంది, పార దిగలేదు. రాళ్ళు పేర్చాను. చీకటిపడేదాకా పేర్చాను, కొండచిరుత తవ్వకుండా. అక్కడ కూర్చుని ఏడ్చానని రాయడానికి సిగ్గు లేదు నాకు. ఇలారియో పోయినప్పుడు నువ్వు చూస్తున్నావని ఏడవలేదు. ఇక్కడ ఎవరూ లేరు.

ఇంటికొచ్చి నీకు రాద్దామనుకున్నాను. రెండు వారాలు దాటాయి. అంతలో నీ ఉత్తరం, బనీనూ వచ్చాయి. వాసన గుర్తుపట్టాడో లేదో రాయమన్నావు. ఆ తర్వాత నాకు చెయ్యి ఆడలేదు.

పొట్టి కుక్క అక్కా. గనివాళ్ళు వదిలేసిన కుక్క. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము. ఆగస్టు చివర నా గుమ్మం ముందుకొచ్చి పడుకుంది. సెప్టెంబరులో నాతో కొండెక్కింది అదే. మూడో కర్ర దగ్గర పొట్ట తడిసింది దానిది. బార్సీనో పొట్టకి మూరెడు మంచు కావాలి. దీని పొట్టకి జానెడు చాలు. నేను చూసింది చూసినట్టు రాశాను, ఆ క్షణాన అంతకుమించి తట్టలేదు, అలసిపోయి ఉన్నాను. ఉత్తరం లారీ ఎక్కిన రెండో రోజున, అది ఒళ్ళు విదిలించుకుంటుంటే దాని కాళ్ళు ఎంత పొట్టివో అప్పుడు కంటబడింది.

అప్పుడే నిజం రాయాల్సింది. రాయాలంటే బార్సీనో లేడని రాయాలి. అందుకని రెండు మడులు చాలని రాశాను, అది నీకు చేరేసరికి ఆలస్యం. శాలువా వచ్చిన రోజు నా మొహం నాకే చూపించుకోలేకపోయాను.

ఈ ఉత్తరం ఆదివారంలోగా నీ చేతిలో పెట్టమని బల్దొమేరో కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తాను.

రుదెసిందో


లాస్ ఇగేరాస్,
2 డిసెంబరు 1968

రుదెసిందో,

లారీ టైరు పగిలి మధ్య దారిలో రెండు రోజులు ఆగిందట. నీ ఉత్తరం మంగళవారం చేరింది. మీటింగు ఆదివారం అయిపోయింది.

ఆఫీసాయన కాగితం చదివాడు. నేను లేచాను. "ఆ కాగితం అబద్ధం" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి, "మీకెలా తెలుసమ్మా?" అన్నాడు.

"నాకు తెలుసు."

"కలొచ్చిందా?" అని వెనకనుంచి ఎవడో అంటే అందరూ నవ్వారు.

అప్పుడు ప్రిమితీవా లేచి నా పక్కన నిలబడింది. "ఎదెల్మీరా నోట ఇంతవరకు ఉత్తుత్తి మాట వచ్చిందా? ఎవరైనా చెప్పండి" అంది. ఒక్కొక్కరే లేచారు. పదకొండు మంది. కొత్త వంతుల పట్టీ మీద ఎవరూ సంతకం పెట్టలేదు. సంతకాలు లేకపోతే లస్కరు తూము ఎత్తడు. ఆ వారం ఎవరి మడికీ చుక్క నీరు రాలేదు. ఉన్న కాసిని నీళ్ళు ఏటిలోనే కిందికి పోయాయి. అందరం గట్టున నిలబడి చూశాం. నా మాట మీద పోయిన నీళ్ళు అవి.

మంగళవారం నీ కవరు విప్పాను. మొదటి కాగితం దగ్గరే ఆగిపోయాను. రెండోది, నీళ్ళ సంగతి ఉన్నది, మర్నాడు గానీ చదవలేదు. ఆగస్టు పద్నాలుగున నేనేం చేస్తూ ఉన్నానో గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు. అంట్లు తోముకుని, కోళ్ళకి గింజలు వేసి, మామూలుగా ఉండి ఉంటాను. నాకు దుఃఖమల్లా అదే. నా కొడుకు కుక్క పోతే మూడు నెలలపాటు నేను వాడి కాలికి మందు పంపాలా అని ఆలోచిస్తూ గడిపాను. నాకు ఏడ్చే హక్కు కూడా లేకుండా నువ్వు దాచుకున్నావు. నీళ్ళు పోగొట్టినందుకు నీ మీద ఉన్న కోపం ఎలాగో దిగుతుంది. ఇది దిగుతుందో లేదో తెలియదు.

నిన్న మళ్ళీ మీటింగు పెట్టించాను. అదే చోట లేచి నిలబడ్డాను. "తప్పు నాది. కాగితం నిజమే. సంతకాలు పెట్టండి" అన్నాను.

"వారం కిందట అబద్ధమన్నారు?" అన్నాడు ఆయన.

"లెక్క తప్పాను."

"ఏ లెక్క?"

"నా లెక్క."

నీ పేరు ఎత్తలేదు, కుక్క మాట ఎత్తలేదు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ కిందికి చూస్తూ సంతకాలు పెట్టారు. బయటికొచ్చాక ప్రిమితీవా ఒక్కతే ఆగింది. "నువ్వు వెయ్యమన్నావని వేశాను" అంది. అంతే. తిట్టలేదు కూడా.

నా వంతు నీళ్ళు ఆమె మడులకు తిప్పేశాను. రెండు వంతులు కలిస్తే ఆమె టమాటా నిలుస్తుంది, లేకపోతే ఇద్దరిదీ పోతుంది. నా నాలుగు మడులు పడుకున్నాయి. అక్రోటు మొక్కలకి ఏటినుంచి బిందెలతో మోస్తున్నాను. ఇరవై మొక్కలకు రోజూ నలభై బిందెలు కావాలి. నేను మొయ్యగలిగింది పదహారు.

ఎదెల్మీరా


ఎల్ పోర్తీయో,
9 డిసెంబరు 1968

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

ఆఫీసుకి రాజీనామా రాసి బల్దొమేరోకి ఇచ్చాను. ఇంకెవరైనా కుర్ర కాళ్ళవాళ్ళు వచ్చి కొలుస్తారు. ఉత్తరాన గొర్రెల కాపు పని ఒకటి ఉందట, అక్కడికి పోతాను. నా ఉత్తరాలు ఇక నీకు రావు. నేను రాసిన ఒక్క మాట చాలు, ఇంకెన్ని మడులు ఎండాలి?

పొట్టిని గనివాళ్ళకే అప్పగిస్తాను. దాని తప్పేమీ లేదు.

రుదెసిందో


లాస్ ఇగేరాస్,
15 డిసెంబరు 1968

తమ్ముడికి,

నీ రాజీనామా ఆఫీసుకి చేరలేదు. బల్దొమేరో కవరు ఎండలో పట్టి చదివి, నేరుగా నా దగ్గరికి తెచ్చాడు. ఈ దారిలో ఉత్తరాలు విప్పేవాళ్ళ వల్ల ఒక్కసారైనా మేలు జరిగింది. "ఇది పోస్టు చెయ్యనా పెద్దమ్మా, లేక దారిలో పోగొట్టుకోనా?" అన్నాడు. పొయ్యిలో వేశాను.

నీ పేరు చెప్పకుండా రెండుసార్లు ఊరి ముందు పిచ్చిదాన్నయ్యాను. నువ్వు ఉద్యోగం వదిలేస్తే అదంతా దేనికి? ఉత్తరాన గొర్రెలు కాస్తావా? ఇక్కడ బిందెలు మొయ్యడానికి మనిషి లేడు. కొండ మీద మంచు లేని నెలల్లో నీకేం పని? పద్నాలుగు మొక్కలు ఆకు రాల్చేశాయి. గోరుతో గీకి చూశాను, లోపల ఎండు. ఆరు ఇంకా పచ్చగా ఉన్నాయి. ఇప్పుడు నేను ఆరు బిందెలకు మించి మోయలేను, నువ్వింకో ఆరు మోస్తే ఆ ఆరూ బతుకుతాయి. నాకు భుజం పట్టేసింది, పొద్దున జుట్టు దువ్వుకోవడానికి చెయ్యి లేవడం లేదు. క్షమించానని అనుకోకు. పిలుస్తున్నాను, అంతే. క్షమించాక పిలుద్దామంటే మొక్కలు ఆగవు.

ప్రిమితీవాకి అంతా చెప్పాను, నీ పేరుతో సహా. ఆమెకి చెప్పకుండా ఉండలేకపోయాను. "కుక్క నిజంగా అంత పొట్టిదా?" అంది. తర్వాత ఇద్దరం గట్టు మీద కూర్చుని నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చాను. టమాటా కాయ పట్టింది ఆమె మడుల్లో.

పొట్టిని గనివాళ్ళకి ఇవ్వకు. వెంట తీసుకురా. గోడ పక్కన నిలబెట్టి దాని పొట్ట నేలకి ఎంత ఎత్తులో ఉందో నా చేత్తో నేనే కొలుచుకోవాలి. వచ్చే సెప్టెంబరులో నువ్వు పొట్ట తడిసిందని రాస్తే, ఎంత తడిసిందో నాకు తెలియాలి.

ఇంకొకటి. పొట్టి కూడా ఎప్పుడో ఒకరోజు పోతుంది. ఆ రోజే నాకు రాయి. మడుల్లో ఏమున్నా సరే, నేను ఎలా ఉన్నా సరే, ఆ రోజే రాయి.

నీ అక్క,
ఎదెల్మీరా